ఛాంబర్ ఖాళీగా ఉందని

తెల్లవారుజామున అయిదున్నర. సముద్రానికి కూతవేటు దూరంలో ఒక రేకుల షెడ్డు. బల్ల మీద అల్యూమినియం డబ్బా, పక్కన కరెంటు ఎక్కడైనా లీకవుతోందా అని చూసే మీటరు, మెగ్గర్. మా సీనియర్ టెక్నీషియన్ రెండు క్లిప్పులూ తగిలించి బటన్ నొక్కాడు. ముందురోజు సాయంత్రం వందల మెగోమ్‌లు చూపించిన చోట ఇప్పుడు రెండు కూడా నిలవడం లేదు. క్లిప్పులు తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టాడు. అదే అంకె. నా వైపు తిరిగి, "సార్, ఇది నీళ్లు తాగింది" అన్నాడు.

మూత విప్పాం. పన్నెండు స్క్రూలు. ఆఖరిది తీసి మూత ఎత్తేసరికి, సర్క్యూట్ కార్డు అంచున, పొద్దున్నే గడ్డి మీద మంచు పట్టినట్టు సన్నటి బిందువులు. మూత చుట్టూ గాడిలో కూర్చోవాల్సిన నల్ల రబ్బరు ఓ-రింగు మూడు మూలల్లో బాగానే ఉంది. నాలుగో మూల దగ్గర ఒక అంగుళం మేర గాడిలోంచి లేచి, మూత కింద నలిగి, అక్కడ మాత్రం నిగనిగలాడుతోంది. ఆయన దాన్ని గోటితో కొంచెం పైకి లేపి చూపించాడు. "ఇది ఇప్పుడు లేచింది కాదు సార్. ఎప్పుడో లేచింది. అరిగిపోయింది చూడండి."

ఆ డబ్బా ఏమిటో, దేంట్లో పెట్టేదో చెప్పను, చెప్పకూడదు. అది మా దగ్గర అన్ని పరీక్షలూ పాసై వచ్చింది. వైబ్రేషన్ పాస్. డ్యాంప్ హీట్ పాస్. రెండు రిపోర్టుల మీదా నా సంతకం ఉంది. రెండూ నిజమైన రిపోర్టులే, అంకెలు ఎవరూ దిద్దలేదు. అయినా ఆ డబ్బా తీరానికి వచ్చిన మూడో రోజు పొద్దున్నే నీళ్లు తాగింది.

ఈ రంగంతో పరిచయం లేనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. సైన్యం చేతికి వెళ్లే పరికరాన్ని ముందు మేం కావాలని కష్టపెడతాం. వణికిస్తాం, కుదుపుతాం, గడ్డకట్టే చలిలో పెడతాం, ఎండలో కారు లోపల ఉన్నంత వేడిలో పెడతాం, ఉప్పునీటి తుంపరలో ఉంచుతాం. ఎలక్ట్రానిక్ పరికరాలను ఎలా కష్టపెట్టాలో చెప్పడానికి మన దేశంలో జేఎస్ఎస్ 55555 అనే ప్రమాణం ఉంది. అమెరికావాళ్ల మిల్ స్టాండర్డ్ 810 కూడా మా బల్లల మీద ఎప్పుడూ ఉండేదే. డ్యాంప్ హీట్ అంటే 40 డిగ్రీల వేడి, 95 శాతం తేమ ఉన్న ఛాంబర్లో పరికరాన్ని గంటల తరబడి ఉంచడం. ఆగస్టులో మచిలీపట్నం మధ్యాహ్నాన్ని ఒక గదిలో బంధించినట్టు ఉంటుంది.

మా ప్లాన్‌లో ముందు వైబ్రేషన్, తర్వాత డ్యాంప్ హీట్ అని ఉంది. ఆ వారం వణికించే యంత్రం, అంటే షేకర్ మీద ఇంకో ప్రాజెక్టువాళ్లు కూర్చున్నారు, మూడు వారాలదాకా లేవరు. మీటింగులో ఒకరు అన్నారు, "ఛాంబర్ ఖాళీగానే ఉంది కదా, ముందు డ్యాంప్ హీట్ కానిచ్చేద్దాం. షేకర్ దొరికాక వైబ్రేషన్ చేసుకోవచ్చు. ఎలాగూ రెండూ చేస్తున్నాం, ఏది ముందైతే ఏముంది?" అందరం తలూపాం. ప్లాన్ తప్పుతున్నామని రాసిచ్చే డీవియేషన్ ఫారం వచ్చింది. కారణం అన్న గడిలో "షెడ్యూలు దృష్ట్యా" అని నేనే రాశాను, నేనే సంతకం పెట్టాను.

ఏముందో తీరంలో తెలిసింది. కొత్త డబ్బా, ఓ-రింగు గాడిలో చక్కగా కూర్చుని ఉన్నప్పుడు, ఛాంబర్లో ఎన్ని గంటలు పెట్టినా తేమ లోపలికి పోలేదు. తర్వాత షేకర్ మీద వణికినప్పుడు ఓ-రింగు ఒక మూల లేచింది. కానీ షేకర్ ఉన్న హాల్లో ఏసీ ఉంటుంది. పొడిగాలిలో డబ్బా హాయిగా పనిచేసింది, పాస్ అని రాశాం. ఆ తర్వాత లారీలో వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం, ఆపైన ఉప్పుగాలి. వరస మార్చకుండా ఉంటే ఆ నీళ్లు మా ఛాంబర్లోనే, మా కళ్ల ముందే బయటపడేవి. పది రూపాయల రబ్బరుతో, గాడిని కొంచెం లోతు చేయడంతో పోయే పని. అక్కడ ప్రయోగ కేంద్రంలో, అంటే రేంజ్‌లో, మాకు కేటాయించిన స్లాట్ పోయింది, మళ్లీ దొరకడానికి నెలలు పట్టింది.

అప్పట్నుంచీ నా మనసులో ఒక మాట పాతుకుపోయింది. మన దగ్గర పరీక్షల ప్లాన్ అంటే తేదీల పట్టిక అనుకుంటారు. ఏ వారం ఏ పరీక్ష, ఏ ల్యాబ్, ఎవరి బాధ్యత. ఆ పట్టికలో "ఎందుకు" అనే గడి ఉండదు. ఫలానా పరీక్ష ఫలానాదాని తర్వాతే ఎందుకు రావాలి, అది ముందుకు జరిగితే మనకు ఏది తెలియకుండా పోతుంది అన్నది కాగితం మీద ఉంటే, ఆ రోజు మీటింగులో నేను తలూపేవాణ్ణి కాదు. వరస పెట్టినవాళ్లు ఏదో ఆలోచించే పెట్టారు. ఆ ఆలోచన వాళ్లతోపాటే రిటైరైపోయింది, మా చేతిలో వరస మాత్రం మిగిలింది. కారణం తెలియని వరసని ఎవరైనా ఇట్టే మార్చేస్తారు.

కొత్తగా చేరినవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పే ఉదంతం ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా జలాంతర్గాములు మార్క్ 14 అనే టార్పెడోతో దిగాయి. అది శత్రు ఓడ అడుగు కిందికి వెళ్లి, ఓడలోని ఇనుము ప్రభావాన్ని పసిగట్టి పేలాలి. అది కుదరకపోతే తగిలినప్పుడైనా పేలాలి. యుద్ధం మొదలయ్యాక టార్పెడోలు ఓడల కిందనుంచి ఊరికే వెళ్లిపోతున్నాయి, కొన్ని ముందే పేలుతున్నాయి, కొన్ని ఓడకి తగిలి కూడా పేలడం లేదు. కెప్టెన్లు మొత్తుకున్నారు. తయారుచేసిన విభాగంవాళ్లు, మీ గురే సరిగ్గా లేదన్నారు.

ఒక్కో టార్పెడో ఖరీదు అప్పట్లో దాదాపు 10,000 డాలర్లు. నిజంగా పేల్చి చూడటానికి యుద్ధానికి ముందు ఎవరికీ చేతులు రాలేదు. పరీక్షలకి తేలికైన ఉత్తుత్తి తల తగిలించి వదిలేవాళ్లు. పేలుడు మందు నింపిన అసలు తల, అంటే వార్‌హెడ్, అంతకంటే బరువు, కాబట్టి యుద్ధంలో అది ఇంకా లోతుగా వెళ్లింది. నన్ను ఇప్పటికీ భయపెట్టే సంగతి ఇంకొకటి. లోతుని అదుపుచేసే సాధనం ఏ తప్పు చోట ఉందో, ఆ లోతుని కొలిచి చూసే సాధనమూ అలాంటి తప్పు చోటే ఉంది. పరికరమూ, పరీక్షా కలిసి ఒకే అబద్ధం చెప్పాయి. రెండూ సరిపోయాయి కాబట్టి అందరూ నమ్మారు. 1942 జూన్‌లో ఆస్ట్రేలియా తీరాన చేపల వల కట్టి, దాని గుండా టార్పెడోలు వదిలి, వలలో చిల్లులు ఎక్కడ పడ్డాయో చూశారు. పెట్టిన లోతుకన్నా సుమారు 10 అడుగులు కిందకి పోతున్నాయని అప్పుడు తేలింది. ఆ చేపల వల నా దృష్టిలో గొప్ప పరీక్షా సాధనం.

అక్కడితో అయిపోలేదు. 1943 జులై 24న టినోసా అనే జలాంతర్గామి ఒక పెద్ద జపాన్ నౌక మీద 15 టార్పెడోలు వదిలింది. మొదట్లో రెండు పేలి ఓడ ఆగిపోయింది. ఆ తర్వాత కదలకుండా నిలబడిన ఓడ పక్కకి టార్పెడోలు చక్కగా లంబకోణంలో తగులుతున్నాయి, పేలడం లేదు. కెప్టెన్ ఒకదాన్ని వాడకుండా దాచి, పరిశీలన కోసం పెర్ల్ హార్బర్‌కి వెనక్కి తెచ్చాడు. అలాంటి టార్పెడో తలల్ని క్రేన్‌తో 90 అడుగుల ఎత్తునుంచి ఉక్కు పలక మీదకి జారవిడిచి చూస్తే, పదింట్లో ఏడు పేలలేదు. లంబకోణంలో, సరిగ్గా తగిలినప్పుడే దెబ్బకి లోపలి పిన్ను ఇరుక్కుపోతోంది. ఏటవాలుగా తగిలితే బాగానే పేలుతోంది. అంటే గురి బాగా చూసిన కెప్టెనే ఎక్కువ నష్టపోయాడు. అమెరికా యుద్ధంలోకి దిగి అప్పటికి ఏడాదిన్నర దాటింది. ఎంతమంది నావికులు శత్రువుకి తమ జాడ తెలియజేసి, పేలని ఆయుధం చేతపట్టుకుని ఉండిపోయారో ఆలోచిస్తే కడుపు తరుక్కుపోతుంది.

దీన్ని పరీక్ష చేయలేదు అనడానికి లేదు. చేశారు. యుద్ధంలో ఉండే పరిస్థితిలో చేయలేదు, అంతే.

మన నాగ్ క్షిపణి విషయం ఇందుకు మరోవైపు ఉదాహరణ. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ల్యాబ్ డీఆర్‌డీఎల్‌లో రూపుదిద్దుకున్న ట్యాంకు విధ్వంసక క్షిపణి అది. దాన్ని మోసుకెళ్లే వాహనం నామికా మన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారవుతుంది. నాగ్ లక్ష్యాన్ని వేడిని బట్టి గుర్తిస్తుంది. రాజస్థాన్ ఎడారిలో మండు వేసవి పగటిపూట ఇసుకా, బండరాయీ, ట్యాంకూ అన్నీ ఇంచుమించు ఒకే వేడికి వస్తే దాని కన్ను మసకబారుతుంది. ఆ ఇబ్బంది వేసవి ట్రయల్స్‌లో బయటపడింది. ఆ కన్నుని, అంటే సీకర్‌ని, మెరుగుపరచడానికి ఏళ్లు పట్టింది, పత్రికలు ఆలస్యం ఆలస్యం అని రాశాయి. 2019 జులైలో పోఖ్రాన్‌లో పగలూ రాత్రీ ట్రయల్స్ జరిగాయి. 2020 అక్టోబరు 22న చివరి యూజర్ ట్రయల్. ఆ వేసవి ట్రయల్స్‌ని డిసెంబరుకి పెట్టి ఉంటే ఎంత సుఖంగా పాసై ఉండేదో. అలా పెట్టనివాళ్లకి నా నమస్కారం. ఏ నెలలో, ఎన్ని గంటలకి అన్నది ప్లాన్‌లో చిన్న వివరంలా కనిపిస్తుంది, పరీక్ష ప్రాణమంతా అక్కడే ఉంది.

"అయిదు పరీక్షలు, అయిదూ విజయం" అన్న వార్త చదివినప్పుడు మనందరికీ గర్వంగా ఉంటుంది. నాకూ ఉంటుంది. కానీ లెక్కల మాస్టారు ఏమంటారో వినండి. అయిదుకి అయిదూ సఫలమైతే, 90 శాతం నమ్మకంతో మనం చెప్పగలిగేది, ఆ ఆయుధం కనీసం 63 శాతం సార్లు పనిచేస్తుంది అని మాత్రమే. అదే 90 శాతం సార్లు పనిచేస్తుంది అని అంతే నమ్మకంతో చెప్పాలంటే, ఒక్కటి కూడా తప్పకుండా 22 పరీక్షలు కావాలి. కోట్లు ఖరీదు చేసే క్షిపణుల్ని 22 ఎవరు కాలుస్తారు? కాల్చలేం, కాల్చక్కర్లేదు కూడా. అందుకే నేలమీద చేసే పరీక్షలకి అంత విలువ. ఛాంబర్లో డబ్బాని చవగ్గా వంద గంటలు కష్టపెట్టవచ్చు. సిమ్యులేషన్లో అసలు హార్డ్‌వేర్‌నే కూర్చోబెట్టి వెయ్యిసార్లు ఎగరేయవచ్చు. కాల్చే ఆ నాలుగైదూ ఒకే అనుకూల పరిస్థితిలో కాకుండా, దగ్గరి దూరం, ఆఖరి దూరం, వేడి, చలి, ఇలా అంచుల్లో పెట్టుకోవాలి. మధ్యలో ఎగిరితే చప్పట్లు వస్తాయి, అంచుల్లో ఎగిరితే కొత్త సంగతి తెలుస్తుంది.

ఇక ఆపడం గురించి. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది.

1979 ఆగస్టు 10. శ్రీహరికోటలో ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. కంప్యూటర్ లోపం పసిగట్టి ప్రయోగాన్ని ఆపింది. ఇంధనం నిల్వ సరిపడా ఉంది, పర్వాలేదు అన్నారు నిపుణులు. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం కంప్యూటర్‌ని పక్కనపెట్టి వదిలేశారు. రెండో దశ అదుపు తప్పింది, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఈ సంగతి ఆయనే జీవితాంతం సభల్లో చెప్పుకున్నారు, దాచుకోలేదు. పదేళ్ల తర్వాత, 1989 ఏప్రిల్ 20న, అదే కలాం ఆధ్వర్యంలో, ఒడిశా తీరంలోని చాందీపూర్‌లో అగ్ని క్షిపణి ప్రయోగం. ఇంకా 14 సెకన్లు ఉందనగా కంప్యూటర్ ఆపింది. ఈసారి వదల్లేదు, ప్రయోగం వాయిదా వేశారు. మే 1న మళ్లీ సిద్ధమైతే 10 సెకన్లు ఉందనగా మళ్లీ ఆగింది. మళ్లీ వాయిదా. దేశమంతా చూస్తోంది, పత్రికల్లో కార్టూన్లు వచ్చాయి. మే 22న అగ్ని ఎగిరింది.

ఈ రెండు సంవత్సరాల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మనిషి ఒకరే. చుట్టూ ఉన్న ఒత్తిడి రెండోసారే ఎక్కువ. ఏమైతే ఆపాలి అని ముందుగా, ప్రశాంతంగా ఉన్న రోజున నిర్ణయించుకున్న మాటకి, ఆఖరి నిమిషంలో కట్టుబడి ఉండటం అంటే అది. నేను ఆ స్థాయి మనిషిని కాను, నా పని డబ్బాలతో. కానీ ప్రతి ప్లాన్‌లోనూ రెండు వాక్యాలు, పరీక్ష తేదీకి చాలా ముందే, సంతకాలతో సహా ఉండాలని పట్టుబట్టడం నేర్చుకున్నది ఆ రెండు తేదీల నుంచే. ఒకటి, ఏ అంకె వస్తే ఆపేస్తాం. రెండు, ఏ అంకె వస్తే ఫెయిల్ అని ఒప్పుకుంటాం. ఫలితం వచ్చాక రాసుకున్న పాస్ మార్కు, పాస్ మార్కు కాదు. జవాబు పత్రం చూసి ప్రశ్న రాయడం అది.

రేంజ్‌లో నిలబడినవాళ్లకే తెలుస్తుంది ఆపడం ఎంత కష్టమో. చాందీపూర్ చుట్టుపక్కల పల్లెల జనాన్ని ఆ పూటకి ఇళ్లు ఖాళీ చేయిస్తారు, వాళ్లకి జిల్లా యంత్రాంగం పరిహారం ఇస్తుంది. ముసలివాళ్లు, చంటిపిల్లలు, మేకలతో సహా పొద్దున్నే శిబిరాలకి నడుస్తారు. విమానాలకి, పడవలకి ముందే హెచ్చరికలు వెళ్తాయి. రాడార్లు, కెమెరాలు, సముద్రంలో నౌక, అన్నీ ఒక్క గంట కోసం ఎదురుచూస్తుంటాయి. దక్షిణంగా గహిర్మఠ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం ఒకటి, వానాకాలం ఒకటి, ఇవన్నీ పోగా మిగిలిన రోజుల్లో మనకి దొరికినది ఒక స్లాట్. అలాంటి పొద్దున ఒక మెగ్గర్ అంకె సందేహంగా ఉందని చెయ్యెత్తి ఆపేదెవరు? ఎవరూ ఆపలేరు. ఆ నిర్ణయం ఆ పూట ఎవరి ధైర్యానికో వదిలేయకూడదు. అది అప్పటికే కాగితం మీద ఉండాలి.

షెడ్యూలు గురించి నా ఫిర్యాదు కొత్తదేమీ కాదు, ఈ పని చేసినవాళ్లందరికీ ఉన్నదే. డిజైన్ రెండు నెలలు లేటవుతుంది, విడిభాగాలు ఇంకో నెల లేటవుతాయి, డెలివరీ తేదీ మాత్రం కదలదు. చివర్లో ఉన్నది పరీక్షే కాబట్టి కోత దాని మీదే పడుతుంది. వంట ఆలస్యమైందని విస్తట్లో ఉడకని అన్నం వడ్డించం కదా. ఇక్కడ మాత్రం వడ్డిస్తాం.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. సరిహద్దులో ఉన్న జవానుకి ఆ పరికరం ఇవాళ కావాలి, మీరు పరీక్షలంటూ ఏడాది కూర్చుంటే ఆ ఏడాది అతను వట్టి చేతులతో ఉండాలా అని. నిజమే. ఆలస్యం కూడా ప్రాణం తీయగలదు. కొన్నిసార్లు పరీక్షలు తగ్గించాల్సిందే. అప్పుడు ఏ పరీక్ష చేయలేదో, దానివల్ల ఏది తెలియదో దాచకుండా రాసి, పరికరంతోపాటే పంపాలి. "లారీ ప్రయాణం తర్వాత తేమలో ఈ డబ్బాని మేం చూడలేదు" అని ఒక్క ముక్క మా రిపోర్టులో ఉండి ఉంటే, ఆ షెడ్డులో మా టెక్నీషియన్ దిగిన రోజే మూత విప్పి చూసేవాడు. కనీసం రాత్రిపూట పాలిథిన్ కవరు కప్పి, లోపల సిలికా జెల్ పొట్లాలు పడేసేవాడు. తెలియని లోపాన్ని కాచుకోవడం కష్టం. చూడలేదని తెలిస్తే చాలు, మనవాళ్లు ఏదో ఒక ఉపాయం చేస్తారు.

ఆ తర్వాత నా ప్లాన్‌లన్నిట్లోనూ ఒక గడి అదనంగా పెట్టాను: "ఈ వరస మారితే ఏది తెలియకుండా పోతుంది?" మొదట్లో విసుక్కున్నారు. ఆ గడి నింపడానికి డిజైనర్‌ని, టెక్నీషియన్‌ని, క్వాలిటీవాళ్లని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాల్సి వచ్చేది. సగం లోపాలు పరీక్షకి ముందు, ఆ బల్ల దగ్గరే బయటపడటం నేను చూశాను. ఒకసారి ఒక టెక్నీషియన్, "సార్, డబ్బాని షేకర్‌కి బిగించే ఈ ఫిక్స్చర్ డబ్బాకన్నా ముందే ఊగుతుంది, మీరు కొలిచేది దాని వణుకు" అన్నాడు. బాలానగర్‌లో వర్క్‌షాపుకి వెళ్లి ఇంకో మందమైన పలకతో కొత్త ఫిక్స్చర్ చేయించుకొచ్చాం. ఆయన ఆ మాట అనకపోయి ఉంటే, డబ్బా వణికిందని వారం రోజులు రిపోర్టులు రాసుకునేవాళ్లం.

నేను రిటైరయ్యాను. మా అన్నయ్య కూతురు ఒక ప్రైవేటు కంపెనీలో చేరింది, రక్షణ శాఖకి విడిభాగాలు చేస్తారు. పోయిన ఆదివారం తన మొదటి టెస్ట్ ప్లాన్ వాట్సాప్‌లో పంపి, "బాబాయ్, ఒకసారి చూడవా, రేపు సబ్మిట్ చేయాలి" అంది. మంచి పట్టిక, రంగులు వేసింది. నాలుగో వరసలో డ్యాంప్ హీట్, ఆరో వరసలో వైబ్రేషన్. ఫోన్ చేశాను.

"ఈ రెండూ ఇలా ఎందుకు పెట్టావమ్మా?"

"షేకర్ బయట ల్యాబ్‌లో బుక్ చేయాలి బాబాయ్, డేట్ ఇంకా రాలేదు. ఛాంబర్ మా దగ్గరే ఉంది, ఖాళీగా ఉంది."

కాసేపు నాకు మాట రాలేదు. తర్వాత ఆ ఓ-రింగు సంగతి మొత్తం చెప్పాను. తను మధ్యలో ఒక్కసారే ఆపి, లేచిన మూల ఎంత పొడవుందని అడిగింది. అంగుళం అన్నాను. సోమవారం వరస మార్చి పంపింది, షేకర్ స్లాట్ వచ్చేదాకా ఛాంబర్ ఖాళీగా ఉండాలని కింద కారణంతో సహా రాసింది. రెండు వారాలు ఆలస్యం. మేనేజర్ ఇంకా ఒప్పుకోలేదు. శుక్రవారం మళ్లీ మీటింగట. చేతిలో పట్టుకుని వెళ్లడానికి ఏదైనా రాసిమ్మని అడిగింది.